పళ్ళ కొలత ఇచ్చే రోజు: చిగురు సంగతి, తడి సంగతి

(సంఘం సర్వసభ్య సమావేశం సందర్భంగా జరిగిన ఆరోగ్య సదస్సులో, కట్టుడు పళ్ళ విభాగంలో ఆచార్యులుగా పనిచేసి పదవీ విరమణ చేసిన దంతవైద్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



"వృద్ధాప్యంలో దంత సంరక్షణ" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆహ్వానించారు. ఆ శీర్షిక కింద చెప్పదగిన మాటలు మీరందరూ ఏదో ఒక సభలో విన్నవే. రెండు పూటలా పళ్ళు తోముకోండి, తీపి తగ్గించండి, అప్పుడప్పుడు డాక్టరుకు చూపించుకోండి. ఇవన్నీ నిజమే గాని, వీటి కోసం నన్ను పిలిపించనక్కర లేదు. అందుచేత వారి అనుమతితో విషయాన్ని బాగా కుదించి, పంటి వైద్యంలో పట్టుమని పావుగంట పట్టని ఒక పని గురించి మాత్రమే మాట్లాడతాను. అది పళ్ళ కొలత తీయడం. డాక్టర్లు ఇంప్రెషన్ అంటారు. మనవాళ్ళు కొందరు అచ్చు అంటారు, కొందరు కొలత అంటారు. నేను కొలత అనే అంటాను.

ఇంత చిన్న పనికి ప్రసంగం దేనికని మీరనుకోవచ్చు. క్యాప్ గాని, బ్రిడ్జి గాని, పళ్ళ సెట్టు గాని వేయించుకుని, రెండేళ్ళు తిరగకుండానే అది చెడిపోయిందని వచ్చిన వారిని ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను. "సామాను మంచిది వేయలేదండీ" అనేవారు ఎక్కువమంది. విప్పి చూస్తే సామాను బాగానే ఉండేది. అది కూర్చున్న చోట అంచు కలవలేదు. అంచు ఎందుకు కలవలేదంటే, కొలత తీసిన రోజున చిగురు నుంచి నెత్తురు వస్తోంది, లేదా పంటి చుట్టూ ఉమ్ము నిలిచి ఉంది. ఆ నెత్తురు చుక్క, ఆ తడి ఉన్న మేరకు కొలత పడలేదు. తరువాత ఎంత ఖరీదైన పింగాణీ పోసినా తప్పుడు కొలత మీదనే గదా పోసేది?

మీకు బాగా తెలిసిన ఉదాహరణ చెబుతాను. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి మనలో చాలామంది నవంబరు నెలలో చిన్న యంత్రం మీద వేలు పెట్టి, బతికే ఉన్నామని రుజువు చేసుకుంటున్నాము. వేలు తడిగా ఉంటే ముద్ర పడదు. మరీ ఎండిపోయి గరుకుగా ఉన్నా పడదు. "తుడుచుకుని మళ్ళీ పెట్టండి" అంటాడు కుర్రాడు. అక్కడ నాలుగు సార్లు పెట్టవచ్చు, పడేదాకా యంత్రం ఒప్పుకోదు. నోటి కొలతలో అలా కాదు. సగం పడిన ముద్ర కూడా పైకి నున్నగా, అందంగానే కనిపిస్తుంది. లోపం వెతికి చూసిన వారికే తెలుస్తుంది.

ముందుగా క్యాప్ విషయం తీసుకుందాము. రూట్ కెనాల్ చేసిన పంటిని చుట్టూ అరగదీసి, దాని మీద టోపీలాగా క్యాప్ తొడుగుతారు. ఆ అరగదీత ఎక్కడో ఒకచోట ఆగాలి. అలా ఆగిన గీతను క్యాప్ అంచు అనుకోండి. ముందు పళ్ళలో ఆ గీత పైకి కనబడితే బాగుండదని, చిగురు కిందికి అర మిల్లీమీటరు దాకా దించుతారు. ఆరోగ్యంగా ఉన్న చిగురుకీ పంటికీ మధ్య ఒక సన్నని సందు ఉంటుంది. లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. చొక్కా కాలరు మెడకు అంటుకుని ఉన్నట్టు చిగురు పంటిని అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ సందు పైకి తెలియదు. కొలత తీసే రబ్బరు ముద్ద ఆ సందులోకి దిగి, గీతను దాటి, దాని కింద అరగదీయని పంటిని కూడా కాస్త అంటుకుని రావాలి. అప్పుడే ల్యాబులో పనిచేసే టెక్నీషియనుకు గీత ఎక్కడ ముగిసిందో స్పష్టంగా కనిపిస్తుంది. లేకపోతే అతడు ఊహించి గీస్తాడు. ఊహ పొట్టిదైతే క్యాప్‌కూ పంటికీ మధ్య సందు మిగులుతుంది. పొడుగైతే క్యాప్ చిగురులోకి పొడుచుకుని, ఎప్పుడూ వాచి ఉండేటట్టు చేస్తుంది.

సందు మిగిలితే ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే అసలు నష్టం అక్కడే ఉంది. సందులోకి పాచి చేరుతుంది. లోపల పుచ్చు మొదలవుతుంది. రూట్ కెనాల్ చేసిన పంటికి నరం ఉండదు కాబట్టి నొప్పి తెలియదు. బయట క్యాప్ తళతళలాడుతూ ఉంటుంది, లోపల పన్ను మెత్తబడి పోతూ ఉంటుంది. ఒక రోజు జంతిక కొరికితే క్యాప్‌తో సహా పన్ను చిగురు దగ్గరికి విరిగి చేతిలోకి వస్తుంది. ఇంకొక క్యాప్ వేయడానికి కూడా అక్కడ ఏమీ మిగలదు.

ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు అలాగే క్యాప్‌ను అగ్గిపెట్టెలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. అమెరికాలో ఉన్న కూతురు దగ్గరకు వెళ్ళే ముందు హడావిడిగా వేయించుకున్నది. అక్కడ పంటి వైద్యం ఖర్చు మనం భరించలేనిది, ప్రయాణపు ఇన్సూరెన్సు సాధారణంగా ఇటువంటి పనులకు ఇవ్వదు. కాబట్టి వెళ్ళే లోపే అంతా ముగించుకోవాలనే ఆరాటం సహజమే. ఆయనకు వైద్యం చేసిన డాక్టరు, చిగుళ్ళు వాచి ఉన్నాయి, శుభ్రం చేసి రెండు వారాలు ఆగుదామన్నారట. "టికెట్టు కొనేశానండీ, ఇవాళే కానివ్వండి" అని ఈయన పట్టుబట్టారు. ఒకే పూటలో గార తీయడం, అరగదీయడం, నెత్తురు కారుతుండగానే కొలత తీయడం అన్నీ జరిగిపోయాయి. మాస్టారు అది దాచకుండా నాతో చెప్పారు. ఆ డాక్టరును ఒక్కమాట అననివ్వలేదు. నేను చూసేటప్పటికి ఆ పంటి వేరు మాత్రం మిగిలింది, దాన్ని తీసివేయవలసి వచ్చింది.

ఇటువంటి వారు మనలో చాలామంది ఉంటారు. మనుమడి ఉపనయనమని, తీర్థయాత్రల బస్సు బయలుదేరుతున్నదని, కొడుకు సెలవు మూడు రోజులేనని డాక్టరును తొందరపెడతాము. డాక్టరు కూడా మనిషే. ఎదురుగా పెద్దవారు కూర్చుని బతిమాలుతుంటే కాదనడం అందరివల్లా కాదు.

వాచిన చిగురు ఎందుకు పనికిరాదో కాస్త వివరిస్తాను. పాచి పేరుకుంటే చిగురు ఎర్రబడి, ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు చిమ్ముతుంది. గార తీసి, మీరు ఇంటి దగ్గర మెత్తని బ్రష్షుతో శ్రద్ధగా తోముకుంటే రెండు మూడు వారాలలో ఆ ఉబ్బు తగ్గి గట్టిపడుతుంది. గట్టిపడినప్పుడు దాని అంచు కొద్దిగా కిందికి జారుతుంది కూడా. అంటే ఉబ్బు మీద కొలత తీస్తే రెండు నష్టాలు. ఆ రోజు నెత్తురు వల్ల గీత సరిగా పడదు. పడినా, తరువాత చిగురు జారి, దాచుదామనుకున్న అంచు బయటపడుతుంది. షుగరు అదుపులో లేనివారికి ఈ వాపు త్వరగా తగ్గదు. ముందు షుగరు సంగతి చూసుకుని కొలతకు వెళ్ళడం మేలు. తాత్కాలికంగా వేసే క్యాప్ కూడా నున్నగా, సరిగ్గా ఉండాలి. అది గీరుకుంటూ ఉంటే కొలత నాటికి చిగురు మళ్ళీ పుండవుతుంది. "తాత్కాలికమే గదా" అని సర్దుకుపోకుండా, గుచ్చుకుంటుంటే మర్నాడే వెళ్ళి చెప్పండి.

చిగురు బాగుపడింది. ఇక కొలత రోజు. పంటిని అంటుకుని ఉన్న ఆ చిగురును కొద్దిసేపు పక్కకు జరపాలి. దీనికి ఎక్కువమంది వాడే సాధనం ఒక సన్నని నూలు దారం. అల్లిన దారాన్ని పంటి చుట్టూ ఆ సందులో మెల్లగా కూరుతారు. కొందరు రెండు దారాలు వాడతారు. లోపల సన్నది, దాని మీద కాస్త లావుది. ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, పై దారాన్ని తీసి, వెంటనే రబ్బరు ముద్ద ఎక్కిస్తారు. సందు కనీసం మిల్లీమీటరులో ఐదోవంతు వెడల్పు తెరుచుకోవాలి. అంతకంటె ఇరుకైతే లోపలికి దిగిన రబ్బరు పల్చని పొరై, బయటికి తీసేటప్పుడు చిరిగిపోతుంది. దారం తీసిన నిమిషంలోపే చిగురు మళ్ళీ దగ్గరకు రావడం మొదలుపెడుతుంది. డాక్టరూ నర్సూ ఆ క్షణంలో ఒకరినొకరు తొందరపెట్టుకోవడం మీరు చూసే ఉంటారు. వారు కంగారుపడుతున్నారని మీరు కంగారుపడకండి.

దారాన్ని పొడిగా లాగకూడదు, కొద్దిగా తడిపి తీయాలి. పొడిగా లాగితే చిగురు లోపలి పలుచని చర్మం దానితోపాటు ఊడి, ఆగిన నెత్తురు మళ్ళీ మొదలవుతుంది. గట్టిగా కూరినా, మరీ ఎక్కువసేపు ఉంచినా చిగురు శాశ్వతంగా కిందికి జారవచ్చు. నా విద్యార్థులకు "దారాన్ని పెట్టండి, దిగ్గొట్టకండి" అని చెప్పేవాణ్ణి. వాళ్ళు వెనకాల నవ్వుకునేవారు.

ఈ దారాన్ని ఏదో ఒక మందులో తడిపి వాడతారు. మన వయసు వారు చెవి ఒగ్గి వినవలసింది ఇక్కడే. ఆ మందులలో ఒకటి మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. పటిక. మంగలి గడ్డం గీశాక గాటు పడితే రుద్దే పటికే. అది చర్మాన్ని బిగింపజేసి నెత్తురును ఆపుతుంది. ఆ జాతిదే అల్యూమినియం క్లోరైడు, నేడు బాగా వాడుకలో ఉన్నది. ఇనుముకు సంబంధించిన ఫెర్రిక్ సల్ఫేటు మరొకటి. అది నెత్తురును త్వరగా ఆపుతుంది గాని, చిగురు రెండు రోజులు నల్లగా కనబడుతుంది. అద్దంలో చూసి భయపడనక్కర లేదు.

అసలు జాగ్రత్త పడవలసింది అడ్రినలిన్ పట్టించిన దారం విషయంలో. ఒకప్పుడు దీనిని విరివిగా వాడేవారు, ఇప్పుడు చాలావరకు తగ్గింది. అది రక్తనాళాలను ముడుచుకుపోయేటట్టు చేసి నెత్తురు ఆపుతుంది. కాని గీరుకున్న చిగురు ద్వారా ఒంట్లోకి కూడా ఎక్కుతుంది. గుండె దడదడలాడడం, రక్తపోటు పెరగడం, చేతులు వణకడం జరగవచ్చు. మత్తు ఇంజక్షనులో కూడా అడ్రినలిన్ ఉంటుంది గదా అని మీలో తెలిసినవారు అడగవచ్చు. ఉంటుంది. సాధారణంగా 80,000 వంతుల్లో ఒక వంతు, లెక్క ప్రకారం. దారంలో ఉండేది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, ఎంత ఒంట్లోకి ఎక్కుతుందో ఎవరూ లెక్క కట్టలేరు. గుండె జబ్బు ఉన్నవారికి, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి, థైరాయిడ్ అధికంగా పనిచేసే వారికి ఈ దారం వాడకూడదు. పటిక జాతి మందులు ఉండగా దాని అవసరమే లేదని నా అభిప్రాయం.

కాబట్టి "పంటికీ గుండెకూ ఏమి సంబంధం" అనుకోకుండా, మీరు వాడే మందుల చీటీ మొత్తం డాక్టరు బల్ల మీద పెట్టండి. బి.పి. మాత్ర, షుగరు మాత్ర, నిద్రమాత్ర, అన్నీ. స్టెంటు వేయించుకుంటే ఆ సంగతి చెప్పండి. పేస్‌మేకరు ఉంటే తప్పనిసరిగా చెప్పండి. ఎందుకంటే చిగురును జరపడానికి బదులు, విద్యుత్తుతో కొద్దిగా చిగురును కోసి సందు చేసే యంత్రం కొన్ని ఆసుపత్రులలో ఉంటుంది. ఆ విద్యుత్తు పేస్‌మేకరు పనికి అడ్డు రావచ్చు, అటువంటి వారికి దానిని వాడరాదు. మీ చొక్కా లోపల ఏముందో మీరు చెప్పకపోతే డాక్టరుకు తెలియదు.

నెత్తురు సంగతి అయింది. ఇక ఉమ్ము సంగతి.

ఆరోగ్యవంతుడి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. పై దవడలో వెనక నుంచి లెక్కబెట్టుకుంటే, జ్ఞానదంతానికి ముందున్న దంతం ఎదుట, బుగ్గ లోపల ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఒక ఊట అక్కడ. ఇంకొకటి నాలుక కింద. డాక్టరు దూది చుట్టలు సరిగ్గా ఆ రెండు చోట్లే పెట్టేది అందుకే. వాటిని నాలుకతో తోసివేయకండి. మూలన వేలాడదీసిన గొట్టం నీటిని పీల్చేస్తుంది, ఉమ్మివేయడానికి మాటిమాటికీ లేవనక్కర లేదు. ఒకసారి లేచి పుక్కిలిస్తే అప్పటిదాకా ఆరబెట్టిన శ్రమంతా నీళ్ళపాలే.

ఈ రోజుల్లో క్యాప్‌కు ఎక్కువగా వాడే ముద్ద సిలికాన్ రబ్బరు. చాలా నిక్కచ్చిగా ముద్ర పడుతుంది. దాని లోపమల్లా ఒకటే, దానికి తడి గిట్టదు. తామరాకు మీద నీటిబొట్టు ఎలా ఉంటుందో మీకు తెలుసు. తడి పంటి మీద ఈ రబ్బరు అలాగే పట్టు లేకుండా ఉండిపోతుంది. తడికి ఓర్చుకునేటట్టు కలిపిన రకాలు వచ్చాయని కంపెనీలు చెబుతాయి. నిజమే, కొద్దిపాటి చెమ్మకు ఓర్చుకుంటాయి, ఉమ్ము మడుగుకు ఓర్చుకోవు. పాలీఈథర్ అనే మరొక రకం 1965 ప్రాంతంలో జర్మనీ నుంచి వచ్చింది. తడికి దీనికంటె కాస్త నయం. కాని గట్టిపడ్డాక బయటకు లాగడం కష్టం. కదులుతున్న పళ్ళు ఉన్నవారు ముందే చెప్పడం మంచిది. ఇంకొక చిత్రం చూడండి. డాక్టరు వేసుకునే రబ్బరు తొడుగులలోని గంధకం తగిలితే సిలికాన్ గట్టిపడదు, బంకగా ఉండిపోతుంది. డాక్టరు తొడుగులు మార్చుకోవడం, మందు తాలూకు ఆనవాలు పోయేదాకా పంటిని నీటితో కడిగి మళ్ళీ ఆరబెట్టడం చాదస్తమని అనుకోకండి.

ఉమ్ము ఊరకుండా మాత్రలు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అట్రోపిన్ జాతి మందులు. చాలా అరుదుగా వాడతారు. కంట్లో నీటి ఒత్తిడి ఉన్నవారికి, ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం కష్టంగా వచ్చే వారికి ఇవి పడవు. ఈ సభలో చేతులెత్తమంటే ఈ రెండింటిలో ఒకటైనా లేనివారు ఎందరుంటారో గాని, అడగను.

సెట్టు పళ్ళకూ, సగం పళ్ళ ప్లేటుకూ మొదటి కొలత ఆల్జినేట్ అనే పొడితో తీస్తారు. నీళ్ళలో కలిపితే మెత్తని ముద్దవుతుంది. సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను నుంచి రావలసిన అగర్ సరఫరా ఆగిపోతే, దాని బదులు ఇది వాడుకలోకి వచ్చింది. యుద్ధాల వల్ల మనకు జరిగిన మేళ్ళు బహు తక్కువ, ఇదొకటి. చల్లని నీళ్ళతో కలిపితే నిదానంగా గట్టిపడుతుంది, మన మే నెల ఎండలలో ఐసు నీళ్ళు వాడవలసి వస్తుంది. అంగిట్లో ఊరే చిక్కని జిగురు ఉమ్ము దీనికి శత్రువు. అందుకే డాక్టరు ముందుగా చల్లటి నీటితో పుక్కిలించమంటారు, గుడ్డతో అంగిలి తుడుస్తారు. కొలత బయటికి వచ్చాక కూడా తడి గొడవ తీరదు. గాలికి వదిలేస్తే ఆల్జినేట్‌లోని నీరు ఆవిరై ముద్ర కుంచించుకుపోతుంది. నీళ్ళలో వేస్తే పీల్చుకుని ఉబ్బుతుంది. తడిగుడ్డలో చుట్టి, పది పదిహేను నిమిషాలలో ప్లాస్టరు పోయాలి. సాయంత్రం ల్యాబు కుర్రాడు వచ్చేదాకా బల్ల మీద ఎండిన ముద్రతో చేసిన సెట్టు నోట్లో నిలవకపోతే ఆశ్చర్యం లేదు.

పళ్ళన్నీ పోయిన వారి విషయం వేరుగా చెప్పాలి. మీలో చాలామందికి దీనితోనే పని. వారికి కొలత పంటిది కాదు, చిగురుదే. చిగురు మెత్తని వస్తువు. ఏళ్ళ తరబడి పాత సెట్టు రాత్రింబవళ్ళు పెట్టుకుని ఉంటే దాని కింద చిగురు నలిగి, ఎర్రబడి, కొన్నిచోట్ల దిగబడి, కొన్నిచోట్ల ఉబ్బి ఉంటుంది. అంగిలి మీద సెట్టు ఆకారంలోనే ఎర్రని మచ్చ కనిపిస్తుంది. అక్కడ బూజు జాతి క్రిములు చేరి ఉంటాయి. పాత సెట్టు తీసిన అయిదు నిమిషాలకే కొలత తీస్తే, ఆ నలిగిన ఆకారమే కొత్త సెట్టులో శాశ్వతంగా అచ్చవుతుంది. చిగురు తన సహజ రూపానికి రావాలంటే కనీసం 24 గంటలు పాత సెట్టు తీసి ఉంచాలి. ఎర్రదనం ఉంటే ముందు దానికి మందు వాడి, సెట్టు లోపల మెత్తని పూత వేసి, కొన్ని రోజులు, అవసరమైతే కొన్ని వారాలు ఆగాలి.

చెప్పడం తేలిక, చేయడం కష్టమని నాకు తెలుసు. బోసి నోటితో అల్లుడి ఎదుట కూర్చోవడానికి మగవారికే మనసు రాదు. ఇక ఆడవారి సంగతి చెప్పనక్కర లేదు. సెట్టు తీసి ఉంచమంటే "అలాగే బాబూ" అని తల ఊపి, పెట్టుకునే వచ్చేవారు. ఆస్పత్రి మెట్ల దగ్గర తీసి కొంగున ముడి వేసుకుని లోపలికి వచ్చేవారు కూడా ఉండేవారు. చిగురు చూడగానే మాకు తెలిసిపోయేది. ఇంట్లోని పిల్లలకు ఒక మనవి. ఆ ఒక్క రోజు అమ్మమ్మను గాని తాతగారిని గాని చూసి నవ్వకండి. పెరుగన్నం, ఉప్మా, మెత్తని ఇడ్లీ చేసి పెట్టండి. ఫోటోలు తీయకండి.

కొందరికి ముందు భాగంలో ఎముక కరిగిపోయి, చిగురు మాత్రం వేలితో కదిపితే ఊగుతూ ఉంటుంది. మామూలుగా ట్రే పెట్టి నొక్కితే ఆ ఊగే చిగురు వెనక్కి వంగిపోతుంది, వంగిన కొలతే వస్తుంది. సెట్టు పెట్టుకోగానే ఆ చిగురు స్ప్రింగులాగా తోసి సెట్టును ఊడదీస్తుంది. ఇటువంటి చోట ట్రేకు కిటికీలాగా రంధ్రం చేసి, అక్కడ బాగా పలుచని ముద్దను నొక్కకుండా పూసి కొలత తీస్తారు. ఓపికతో కూడిన పని. దీనికి రెండు సార్లు రమ్మంటే విసుక్కోకండి.

తడి ఎక్కువైతే ఎంత బాధో, లేకపోయినా అంతే. బి.పి.కి వాడే నీటిమాత్రలు, మనోవ్యాకులతకు వాడే మందులు, జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేని వారికి ఇచ్చే మందులు నోటిని ఎండగడతాయి. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలిచేది పలుచని ఉమ్ము పొర వల్లనే. రెండు అద్దాల మధ్య నీటిచుక్క ఉంటే అవి ఎలా అతుక్కుంటాయో అలాగ. ఎండిన నోట్లో, లవంగ నూనె వాసన వేసే జింక్ ఆక్సైడు ముద్దతో కొలత తీస్తే అది చిగురుకు అంటుకుని మంటపెడుతుంది. అటువంటి వారికి ముందు నోరు తడిపించి, వేరే ముద్ద వాడాలి. నోరు ఎండుతున్నదన్న మాట మీరే చెప్పాలి, అడిగేదాకా ఆగకండి. పెదవులకు కాస్త వాజిలిన్ రాసుకుంటే ఏ ముద్దా అంటుకోదు.

కొలత తీసేటప్పుడు వాంతి వచ్చినట్టు ఉంటుందని భయపడేవారికి రెండు మాటలు. నిటారుగా కూర్చోండి, తల కొద్దిగా ముందుకు వంచండి, ముక్కుతో దీర్ఘంగా ఊపిరి తీయండి. భోజనం చేసిన వెంటనే వెళ్ళకండి. అలాగని షుగరు ఉన్నవారు పస్తుతో కూడా వెళ్ళకండి. తేలికగా తిని, మందు వేసుకుని, రెండు గంటలు ఆగి వెళ్ళండి.

ఈ మధ్య కెమెరాతో కొలత తీస్తున్నారు గదా, ముద్దా వద్దు, దారమూ వద్దు అని కొందరు అంటున్నారు. ముద్ద అక్కరలేదన్నది నిజం. వాంతి భయం ఉన్నవారికి అది వరమే. కాని కెమెరా చూడగలిగినదే చూస్తుంది. చిగురు కింద దాగిన గీత దానికీ కనబడదు, ఉమ్ము మీద వెలుగు పడితే మెరుపే రికార్డవుతుంది. అందుచేత దారమూ దూదీ అక్కడ కూడా తప్పవు.

ప్రసంగం ఇంతటితో ఆపుతాను. సందేహాలుంటే అడగండి.

(తరువాత సభ్యులు అడిగిన ప్రశ్నలలో కొన్ని, వక్త ఇచ్చిన జవాబులు)

ఒక సభ్యుడు: గుండె డాక్టరు రక్తం పలచబడే మాత్రలు ఇచ్చారు. దారం పెడితే నెత్తురు వస్తుందన్నారు గదా, నాలుగు రోజులు ముందు ఆపేయనా?

జవాబు: మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. చిగురు నుంచి వచ్చే నెత్తురును పటిక మందుతో, దూదితో ఆపగలము. స్టెంటు మూసుకుపోతే ఆపగలిగింది ఏమీ లేదు. ఫలానా మాత్ర వాడుతున్నానని పంటి డాక్టరుకు చెప్పండి. వార్‌ఫరిన్ వాడేవారు ఇటీవలి ఐ.ఎన్.ఆర్. పరీక్ష కాగితం వెంట తీసుకువెళ్ళండి. ఏ మార్పు అయినా గుండె డాక్టరే చెప్పాలి.

మరొక సభ్యుడు: నా వెనక దంతానికి క్యాప్ వేసిన డాక్టరు అసలు దారమే పెట్టలేదు. పని ఎగ్గొట్టినట్టా?

జవాబు: కానక్కర లేదు. అంచును చిగురుకు పైనే ఆపితే దారంతో పనిలేదు. వెనక పళ్ళు ఎవరికీ కనబడవు కాబట్టి అంచు పైన ఉంటేనే మేలు. కొలత బాగా పడుతుంది, మీకు తోముకోవడానికీ వీలు. మీ డాక్టరు మంచి పనే చేసి ఉండవచ్చు.

ఒక సభ్యురాలు: కొలత తీసినప్పటి నుంచి చిగురు సలుపుతున్నదండీ. ఎన్నాళ్ళు చూడాలి?

జవాబు: ఒకటి రెండు రోజులు కొద్దిగా నొప్పి ఉండడం సహజం, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించండమ్మా. వారం దాటినా తగ్గకపోతే, లేదా వాపు, చీము కనబడితే వెళ్ళి చూపించండి. రెండు దారాలు పెట్టినప్పుడు లోపలిది మిగిలిపోవడం, రబ్బరు ముక్క చిక్కుకోవడం అరుదుగా జరుగుతుంది. తీసేస్తే రెండు రోజులలో మానిపోతుంది.

మరొక సభ్యురాలు: మా మనుమరాలి నిశ్చితార్థం పై వారంలో ఉంది. నాకు కొత్త సెట్టు కొలత కూడా ఆ వారమే ఇచ్చారు. ఒక రోజంతా పళ్ళు లేకుండా ఎలా?

జవాబు: నిశ్చితార్థం అయ్యాకే కొలతకు వెళ్ళండమ్మా, తేదీ మార్చమని ఇవాళే ఫోను చేయించండి. ఈ లోగా రాత్రిళ్ళు సెట్టు తీసి నీళ్ళలో వేసి పడుకోండి, సగం మేలు అక్కడే జరుగుతుంది. కొలతకు ముందు రోజు ఉదయం తీసేసి, మర్నాడు కొలత అయ్యేదాకా పెట్టుకోకండి. పాత సెట్టును మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళకండి, నీళ్ళు పోసిన డబ్బాలో పెట్టుకుని తీసుకువెళ్ళండి. పళ్ళ ఎత్తు ఎంత, ఏ వైపు ఎక్కువ అరిగింది అనేవి డాక్టరు దానిని చూసే తెలుసుకోవాలి.